ఆరోగ్యవరం వైద్యుడు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ఎత్తైన పీఠభూమిపై ఉన్నాయి. అటువంటి చోట్ల వీచే పొడిగాలి క్షయరోగులకు మేలు చేస్తుందని పూర్వపు వైద్యుల నమ్మకం. 1912లో పలు క్రైస్తవ మిషన్లు కలిసి మదనపల్లెలో క్షయ చికిత్సాలయాన్ని నెలకొల్పాయి. డెన్మార్క్ దేశీయుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్ దానికి తొలి అధిపతి. 1915లో అది ఊరి వెలుపల ఉన్న ఆరోగ్యవరానికి తరలింది.

అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో. విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, మంచి గాలి, ఇవే చికిత్స. వీటికి తోడు రొమ్ము గోడకు, ఊపిరితిత్తికి నడుమ సూదితో గాలిని పంపి, చెడిన ఊపిరితిత్తి ముడుచుకొనేట్లు చేసేవారు. దానికి కదలిక తగ్గితే లోపలి పుండు మానే అవకాశం ఉండేది.

అయితే మోలర్ గొప్పతనం చికిత్సలో కంటె పరిశీలనలోనే ఎక్కువగా కనిపిస్తుంది. దగ్గు, ఆయాసం, ఎక్స్‌రేలో మచ్చలు ఉన్నా కొందరిలో క్షయక్రిములు కానరాలేదు. వారి రక్తంలో ఇసినోఫిల్ కణాలు మాత్రం విపరీతంగా పెరిగి ఉన్నాయి. ఇది క్షయను పోలిన వేరొక స్థితి అని 1940లో ఆయన బార్టన్‌తో కలిసి ప్రకటించారు. క్షయ అన్న ముద్ర పడితే అయినవారే దూరంగా ఉంచే రోజులవి! ఫైలేరియా క్రిములే ఈ వ్యాధికి మూలమని తరువాతి పరిశోధనలలో తేలింది.

మోలర్ అనంతరం డాక్టర్ పి.వి. బెంజమిన్ ఆ చికిత్సాలయ బాధ్యతను స్వీకరించారు. 1948లో మన దేశంలో మొదటి బి.సి.జి. టీకాలు వేసింది మదనపల్లెలోనే.