మహబూబ్ అలీ ఖాన్: రూపాయిపై రాజు బొమ్మ లేదు.. చార్మినార్ కమానులో ఒక్క అక్షరమే!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్.. 2016 అక్టోబర్ 11న వేరు జిల్లాలయ్యే వరకు ఈ మూడూ మహబూబ్‌నగర్‌లోనే ఉండేవి. పాలమూరుకు ఆ పేరు 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీదే పెట్టారు. మరి జిల్లాకే పేరైన ఆ నవాబు, తన నాణెంపై ఎక్కడున్నాడు?

1866లో పుట్టిన మహబూబ్, తండ్రి చనిపోవడంతో 1869లో గద్దెనెక్కారు. అప్పటికి వయసు రెండున్నరేళ్లే! పాలన సాలార్‌జంగ్ చూసుకున్నారు. పూర్తి అధికారం చేతికొచ్చింది 1884లో.

అప్పట్లో బ్రిటిష్ రూపాయిపై విక్టోరియా రాణి, తర్వాత ఏడో ఎడ్వర్డ్ తలబొమ్మ ఉండేది. నిజాం హాలీ సిక్కాపై మనిషి ముఖమే కనిపించదు. 1857 దాకా ఢిల్లీ మొఘల్ చక్రవర్తి పేరు వేసేవారు, ఆ తర్వాత ఆసఫ్ జాహీ బిరుదు వచ్చింది. గద్వాల సంస్థానానికైతే ఒకప్పుడు సొంత నాణేలే ఉండేవి, అది వేరే కథ.

మహబూబ్ చివరి ఏళ్లలో వెండి రూపాయి రూపు మారిపోయింది. ఒకవైపు చార్మినార్, చుట్టూ నిజాం బిరుదు. రెండోవైపు విలువ, పాలనా సంవత్సరం, హైదరాబాద్ టంకశాల పేరు. చార్మినార్ కమాను మధ్యలో మాత్రం ఒకే ఒక్క ఉర్దూ అక్షరం, 'మీమ్'. అంటే 'మ'. మహబూబ్ అక్కడున్నారు!

1911 ఆగస్టు 29న, 45 ఏళ్లకే ఆయన చనిపోయారు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ చార్మినార్‌ను కదపలేదు, అక్షరం ఒక్కటే మార్చారు. మీమ్ పోయి 'ఐన్' వచ్చింది. హాలీ సిక్కా 1950ల్లో చెలామణి నుంచి పోయింది. ఇంట్లో పాత పెట్టెలో చార్మినార్ రూపాయి దొరికితే కమానులోకి చూడండి.. మీమ్ ఉంటే తండ్రిది, ఐన్ ఉంటే కొడుకుది.