బీసీహెచ్‌లో 'బీ'

కేతేపల్లిలో గట్టి వాన పడితే మా టీవీలో బొమ్మ గడులు గడులుగా విరిగిపోతది. ఉపగ్రహ ఇంటర్నెట్ లింకైతే వాన పెరిగినకొద్దీ వేగం తగ్గించి, తప్పులు దిద్దే బిట్లు పెంచుకోగలదు. డీవీబీ-ఎస్2 పద్ధతిలో ఎల్‌డీపీసీ దిద్దగా మిగిలిన తప్పుల్ని బీసీహెచ్ కోడ్ ఏరేస్తది. అందులో 'బీ' అంటే రాజ్ చంద్ర బోస్ అని నాకు మొన్ననే తెలిసింది.

1901లో హోషంగాబాద్‌లో పుట్టారు. 1918 ఫ్లూలో తల్లి, మరుసటేడు తండ్రి పోయారు. అయినా చదువు ఆపలేదు. అసలు జ్యామితి మనిషి. మహలనోబిస్ పిలిస్తే కలకత్తా ఐఎస్ఐలో చేరి, పొలంలో ఏ మడికి ఏ ఎరువు వేసి పోల్చాలనే లెక్కల్లో పడ్డారు (మాదీ మళ్ల ఊరే, అందుకే ఇక్కడ ఆగి చదివా). ఆ లెక్కలకు గాలోవా ఫీల్డులు వాడారు. మన సి.ఆర్.రావు అక్కడే ఆయనతో పనిచేశారు.

1949లో అమెరికా వెళ్లారు. 1960లో శిష్యుడు రే-చౌధురితో కలిసి ఆ ఫీల్డులతోనే ఈ కోడ్ కట్టారు. ఫ్రాన్సులో ఓకెంగెమ్ ఏడాది ముందే విడిగా కనిపెట్టారు, 'హెచ్' ఆయనదే. బోస్ 1987లో పోయారు. డీవీబీ-ఎస్2 చూడలేదు.