బడిపంతులు రహీం సాబ్

సింగరేణి గ్రౌండులో ఉత్త కాళ్లతో ఫుట్‌బాల్ ఆడి పెరిగిన మనకు రహీం సాబ్ గురించి చెప్పినవాళ్లు తక్కువే. 1909లో హైదరాబాదులో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. ఆటగాడిగా మొదలై కోచ్ అయ్యారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది.

భారత జట్టునూ ఆయనకే అప్పగించారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే దిగారు మరి! ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్లకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనది నాలుగో స్థానం. నాకైతే స్వర్ణాల కన్నా ఇదే గొప్పగా తోస్తుంది.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని పక్కన కూర్చోబెట్టకుండా ముందు వరుసలో గోల్స్ కొట్టడానికి పంపారు. ఉన్న సామానుతోనే మిషను నడపాల్సి వచ్చిన మనలాంటి ఇంజనీర్లకు ఆ తెగువ విలువ తెలుసు. ఫైనల్లో మళ్లీ కొరియానే. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టి 2-1తో గెలిపించారు. గోల్‌కీపర్ మన హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం సాబ్ కేన్సర్‌తో పోయారు. అప్పటికాయనకు 53 ఏళ్లు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్లీ రాలేదు.