నీళ్లకొరకు పోరాడిన సైనికుడు: సర్ ఆర్థర్ కాటన్

సైనికాధికారుల జీవితచరిత్రలు సాధారణముగా యుద్ధములతో నిండియుండును. సర్ ఆర్థర్ కాటన్ కూడ యుద్ధమును చూచినవాడే. అయినను తెలుగుదేశము ఆయనను యుద్ధమునుబట్టి గాక, తాను తిను అన్నమునుబట్టి జ్ఞాపకము చేసికొనుచున్నది.

ఆయన 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లాండులో జన్మించెను. ఈస్టిండియా కంపెనీవారి సైనిక పాఠశాలలో చదివి, 1821లో ఇంజనీరుగా మన దేశమునకు వచ్చి, బర్మా యుద్ధమునందు సేవ చేసెను. యౌవనకాలమందే క్రీస్తును తన రక్షకునిగా ఎరిగి, నాటినుండి తన విద్యను, బలమును ప్రభువు తనకు అప్పగించిన సొత్తుగా ఎంచుకొనెను.

తమిళదేశమున కొల్లడం నదిపై ఆయన 1836లో ఆనకట్టలు కట్టించెను. ఇసుకనేలపై కట్టడమును నిలుపు విధానమును, కావేరిపై ప్రాచీనులు నిర్మించిన కల్లణైని చూచి ఆయన నేర్చుకొనెను. పాలితుల పూర్వికులను గురువులుగా ఒప్పుకొనుటకు ఆ దొర సిగ్గుపడలేదు.

ఆయన దేహము బలమైనది కాదు. ఆరోగ్యము చెడి టాస్మేనియా ద్వీపమునకు వెళ్లినప్పుడు, 1841లో ఎలిజబెత్ లెర్మంత్ అను కన్యకను వివాహమాడెను. మరుసటి సంవత్సరము వారికి కుమార్తె కలిగెను. ఆ భార్యాబిడ్డలతోనే ఆయన గోదావరి తీరమునకు వచ్చెను.

నాటి గోదావరి మండలము దుఃఖభూమి. 1833 నాటి కరువు, 1839లో కోరంగిని ముంచిన తుపాను ప్రజలను క్రుంగదీసెను. రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా ఉన్న జనసంఖ్య, 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు తగ్గిపోయెను. పొలముల ప్రక్కనే మహానది వ్యర్థముగా సముద్రములో కలియుచుండగా మనుష్యులు ఆకలితో చచ్చుట ఆయన మనస్సాక్షి సహింపలేకపోయెను. అధికారులకు విడువక నివేదికలు వ్రాసెను. తుదకు అనుమతి లభించి, 1847లో ధవళేశ్వరమువద్ద పని మొదలాయెను. ఎండదెబ్బకు కూలి, మధ్యలో రెండేండ్లు పనిని కెప్టెన్ ఆర్‌కు అప్పగించి వెళ్లవలసివచ్చినను, ఆయన మరల వచ్చి 1852లో దానిని ముగించెను. వీణెం వీరన్న అను తెలుగు ఉద్యోగి ఆయనకు కుడిభుజమై నిలిచెను. ఆ దినములలో నరసాపురము ప్రాంతపు మిషనరీలైన బౌడన్, బీర్ అనువారు ఆయనకు స్నేహితులు; ఆనకట్ట పనికి వచ్చిన కూలివారికి వారు సువార్త ప్రకటించిరి.

1860లో ఆయన ఉద్యోగవిరమణ పొందెను. 1861లో సర్ బిరుదము లభించెను. ఇక విశ్రాంతి తీసికొనుటకు ఎవరును అడ్డుచెప్పరు. అయితే 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమును ఘోరక్షామము కబళించినప్పుడు, డెబ్బదియేండ్లు దాటిన ఆ వృద్ధుడు ఊరకుండలేదు. రైలుమార్గములకంటె కాలువలే ఈ దేశమునకు ముఖ్యమని 1878లో పార్లమెంటు ఉపసంఘము ఎదుట వాదించెను. పెద్దలు ఆయన మాటను అంగీకరింపలేదు. ఓడిపోయినను ఆయన కలము ఆగలేదు. డోర్కింగు పట్టణములో తన యింటి నేలనే లోతుగా త్రవ్వి, పంట హెచ్చించు మార్గములను పరీక్షించుచుండెను.

ఆ గృహమందలి భక్తి బిడ్డకును సంక్రమించెను. కుమార్తె ఎలిజబెత్ డోర్కింగులో పనివారిని మద్యశాలలనుండి మరల్చుటకై కాఫీగది నెలకొల్పి, వారికి వాక్యము బోధించెను. తరువాత లేడీ హోప్‌గా పేరొందిన ఆమెయే 1900లో తండ్రి జీవితచరిత్రను ప్రకటించెను. అంతకుముందటి యేట, 1899 జూలై 24న, తన 96 యేండ్ల ప్రాయమున కాటన్ ప్రభువునందు నిద్రించెను.

పాత ఆనకట్ట స్థానమున కట్టబడి 1982లో పూర్తియైన బ్యారేజి ఆయన పేరునే ధరించియున్నది. దాని నీరు నేడు సుమారు 10 లక్షల ఎకరములను తడుపుచున్నది. డెల్టా గ్రామములలో ఆయన విగ్రహములకు పూలదండలు వేయుదురు. అపర భగీరథుడని కొనియాడుదురు. ఆయన మాత్రము నదిని సృజించినవానికే మోకరించిన దాసుడు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట ఆయనకు భక్తినుండి వేరైన కార్యము కాదు. ఉద్యోగము ముగిసిన పిమ్మటను, చెవియొగ్గువారు లేనప్పుడును, దేవుడు అప్పగించిన పనిని విడువని ఆ ముప్పది తొమ్మిదేండ్ల వార్ధక్యము, విరమణ పొందిన ప్రతి విశ్వాసి యెదుటను ఒక పిలుపుగా నిలిచియున్నది.