ఎడ్మండ్ హుస్సర్ల్ (1859–1938)

నక్షత్రముల దూరమును కొలిచినవారు కలరు. పరమాణువును భేదించినవారు కలరు. కాని ఆ ప్రపంచమంతయు మనకు గోచరించుట అనునది ఏ తీరున జరుగుచున్నదో విచారించినవారు అరుదు. అట్టి విచారణకు జీవితమునంతయు ధారవోసిన మహనీయుడు ఎడ్మండ్ హుస్సర్ల్.

1859వ సంవత్సరము ఏప్రిల్ 8వ తేదీన, నాటి ఆస్ట్రియా సామ్రాజ్యమునందలి మొరేవియాలో, ప్రోస్నిట్స్ అను పట్టణమున ఒక యూదు కుటుంబమున ఆయన జన్మించెను. ఆ పట్టణము నేడు చెక్ దేశములో నున్నది. తండ్రి బట్టల వర్తకుడు. బాల్యమున తనకు బహుమానముగ లభించిన చిన్న చాకునకు పదును చాలలేదని తలచి, నూరి నూరి తుదకు అలుగే మిగులకుండ చేసితినని ఆయన ముదిమిలో చెప్పుకొనెనని ప్రసిద్ధి. వ్రాసినదానితో తృప్తి నొందక మరల మరల వ్రాయుట ఆయనకు జీవితాంతము వరకు వీడని స్వభావము.

లైప్జిగ్, బెర్లిన్ నగరములలో గణితము నభ్యసించి, 1883లో వియన్నా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నందెను. పిమ్మట అచ్చటనే ఫ్రాంజ్ బ్రెంటానో ఉపన్యాసములను విని, గణితము నుండి తత్త్వశాస్త్రమునకు మరలెను. 1886లో క్రైస్తవ మతమును స్వీకరించెను. 1887 మొదలు 14 సంవత్సరములు హాలే నగరమున స్థిరమైన ఆచార్య పదవి లేకయే బోధించెను. 1891లో వెలువడిన ప్రథమ గ్రంథమున సంఖ్యా భావమునకు మూలమును మనోవ్యాపారములలో వెదకెను. గాట్లాబ్ ఫ్రేగే 1894లో దానిని తీవ్రముగ ఖండించెను. హుస్సర్ల్ తన మార్గమును తానే పునఃపరిశీలించుకొని, 1900, 1901 సంవత్సరములలో ప్రకటించిన తర్క పరిశోధనలందు, తర్క నియమములు మనస్తత్త్వ నియమములు కావని నిరూపించెను. రెండును మూడును అయిదగుట లెక్కించువాని మనస్సుపై ఆధారపడి యుండదు. అయినను ఆ సత్యము ఒకని మనస్సునకే తోచవలెను. ఈ రెంటికిని పొత్తెట్లు కుదురును? ఆయన జీవితమెల్ల ఈ ప్రశ్నయే.

దీనికై ఆయన ఏర్పరచిన విచారణా పద్ధతికే ఫినామినాలజీ యని పేరు. ఎరుక యెల్లప్పుడును దేనినో గూర్చిన ఎరుకయే. కుండను చూచునపుడు కంటికి కానవచ్చునది ఒక ప్రక్కయే. మనము చూచునది మాత్రము సంపూర్ణమైన కుండనే. పాటను వినునపుడు గడచిన స్వరము ఇంకను చెవిని వీడక, రాబోవు స్వరము ముందే ఎదురుచూడబడుచుండును. లేకున్న వినబడునది పాట కాదు, విడివిడి ధ్వనులే. వస్తువు ఉన్నదా లేదా యను ప్రశ్నను కొంతసేపు ప్రక్కన నుంచి, అది అనుభవమున ఎట్లు భాసించుచున్నదో నిష్పక్షపాతముగ వర్ణింపవలెనని ఆయన బోధించెను.

1901 నుండి గోటింగెన్‌లోను, 1916 నుండి ఫ్రైబర్గ్‌లోను ఆయన ఆచార్యుడు. ఆ 1916లోనే చిన్న కుమారుడు వుల్ఫ్‌గాంగ్ వెర్డూన్ యుద్ధమున మరణించెను. శిష్యుడు మార్టిన్ హైడెగర్ 1927లో తన మహాగ్రంథమును గురువునకు అంకిత మొనర్చి, మరుసటి యేట ఆయన పీఠము నలంకరించెను. 1933లో నాజీలు అధికారమునకు వచ్చిరి. యూదు జన్మమే నేరమై, కన్నబిడ్డను యుద్ధమునకు సమర్పించిన ఆ వృద్ధాచార్యుడు విశ్వవిద్యాలయమునకు వెలియయ్యెను. హైడెగర్ నాజీ పక్షమున చేరెను. 1941నాటి ముద్రణమున ఆ అంకితమును తొలగింపబడెను. అయినను హుస్సర్ల్ కలము నాపలేదు. 1935లో వియన్నా, ప్రాగ్ నగరములలో ఐరోపా విజ్ఞానమునకు వాటిల్లిన సంక్షోభమును గూర్చి ఉపన్యసించెను. మానవుని నిత్యజీవిత ప్రపంచమును మరచిన విజ్ఞానము తన వేరును తానే మరచినదని ఆయన హెచ్చరిక. 1938 ఏప్రిల్ 27న ఫ్రైబర్గ్‌లో పరమపదించెను.

సంక్షేప లిపిలో వ్రాసిన సుమారు 40,000 పుటలు ఆయన యింట మిగిలెను. ఒక యూదుని వ్రాతలకు ఆనాటి జర్మనీలో ఏ గతి పట్టునో ఎరుగనివారు లేరు. అప్పుడు హెర్మన్ వాన్ బ్రెడా యను బెల్జియం దేశపు యువ సన్న్యాసి ఫ్రైబర్గ్‌కు వచ్చెను. హుస్సర్ల్ భార్య మాల్వీన్ సమ్మతితో ఆ కాగితములను బెర్లిన్‌లోని బెల్జియం రాయబార కార్యాలయమునకు చేర్చి, దాని రక్షణలో లూవెన్ నగరమునకు తరలించెను. గురువుగారి సొంత పుస్తక భాండారమును అచ్చటికే చేరెను. 1940లో బెల్జియం జర్మనుల వశమైనను ఆ నిధికి హాని కలుగలేదు. 1950 నుండి అవి సంపుటములుగ వెలువడ నారంభించెను.

1939లోనే మెర్లో-పాంటీ యను ఫ్రెంచి తత్త్వవేత్త లూవెన్‌కు పోయి ఆ ప్రతులను పఠించి, 1945లో శరీరమును ఎరుకయు విడదీయరానివని ప్రతిపాదించు గ్రంథమును రచించెను. 1972లో హ్యూబర్ట్ డ్రైఫస్ ఈ సంప్రదాయమును ఆధారము చేసికొని, యంత్రములకు మానవ ప్రజ్ఞ అబ్బునా యని ప్రశ్నించెను. మెదడు పనిని తెలిసికొన్నంత మాత్రమున అనుభవము తెలిసినట్లగునా యని 1995లో డేవిడ్ చామర్స్ అడుగగా, అనుభవ వర్ణనమును నాడీశాస్త్రముతో జోడింపవలెనని 1996లో ఫ్రాన్సిస్కో వరేలా మార్గము చూపెను. మన దేశమున జితేంద్రనాథ్ మొహంతి 1964లోనే హుస్సర్ల్ అర్థసిద్ధాంతముపై ప్రామాణిక గ్రంథమును ప్రకటించెను.

తలుపులు మూసిన విశ్వవిద్యాలయము ఆయనను లోకము మరచునని తలచెను. ఒక పుస్తక భాండారము తలుపులు తెరచి ఆయనను నిలిపెను.