ఏనుగులు, సీతాకోకచిలుక - ఎడ్విన్ ల్యుటెన్స్

కట్టడములో జంతువునకు చోటిచ్చుట మన శిల్పులకు కొత్త కాదు. అమరావతి స్తూపమునకు సింహములు కాపున్నవి. లేపాక్షిలో ఏకశిలా బసవన్న నేటికీ తలయెత్తి కూర్చుండియున్నాడు. అయితే ఇరువదవ శతాబ్దములో, మన కట్టడములను ఏ మాత్రము మెచ్చని ఒక ఆంగ్లేయుడు, మనము నిత్యము తిరుగాడు ఈ రాజధానిలో ఏనుగులను, నాగుబాములను ఎందుకు నిలిపినాడు? ఈ ప్రశ్నకు సమాధానము ఆయన జీవితకథలోనే ఉన్నది.

ఎడ్విన్ లాండ్సీర్ ల్యుటెన్స్ 1869 మార్చి 29న లండను నగరములో జన్మించినారు. తండ్రి సైనికోద్యోగము చేసి, తరువాత చిత్రకారుడై, గుఱ్ఱముల చిత్రములకు పేరు పొందినారు. ఆ తండ్రికి గురువూ మిత్రుడూ అయిన వాడు సుప్రసిద్ధ జంతుచిత్రకారుడు ఎడ్విన్ లాండ్సీర్. లండనులోని ట్రఫాల్గర్ కూడలిలో 1867లో ప్రతిష్ఠించిన నాలుగు సింహములను రూపొందించినది ఆయనే. ఆ సింహముల శిల్పి పేరునే తండ్రి తన బిడ్డకు పెట్టుకొన్నారు.

పదముగ్గురు సంతానము గల ఆ ఇంటిలో ఈ బాలుడు రోగపీడితుడు. కీళ్ళ జ్వరము వలన అన్నలవలె బడికి పోలేకపోయినాడు. సర్రీ మండలములోని థర్స్‌లీ గ్రామ పరిసరములే ఆయనకు పాఠశాల. చిన్న గాజుపలక నొకదానిని చేతబట్టుకొని, దానిగుండా ఇండ్లను చూచుచు, మొనదేల్చిన సబ్బుముక్కతో వాటి రేఖలను గాజుపై గీసి నేర్చుకొన్నారు. వడ్రంగుల పనిని, మేస్త్రీల పనిని దగ్గర నిలిచి చూచినారు. పుస్తకముకంటె కంటిని నమ్ముట ఆనాడే అలవడినది. కొద్దికాలము కళాశాలలో చదివి, ఇరువది యేండ్లైనా నిండకముందే స్వతంత్రముగా గృహనిర్మాణ వృత్తి ప్రారంభించినారు.

పల్లెపట్టుల సంపన్న గృహములతో ఆయన కీర్తి పెరిగినది. వాటిలో పాపిలాన్ హాల్ ఒకటి. పూర్వపు యజమానుల ఇంటిపేరైన ఆ పదమునకు ఫ్రెంచి భాషలో సీతాకోకచిలుక అని అర్థము. దానిని పునర్నిర్మించినప్పుడు ల్యుటెన్స్ ఆ పేరునే ప్రణాళికగా మార్చి, నడుమ దేహమును, ఇరుప్రక్కల విచ్చుకొన్న రెక్కలను కల్పించినారు. చమత్కారముగా పుట్టిన ఆ ఊహలో ప్రయోజనము కూడ ఉన్నది: రెక్కలు వాలుగా విచ్చుకొనుట వలన గదులకు వెలుగు, చూపునకు విశాలత లభించినవి. ఆ ఇంటిని 1950లో కూల్చివేసినారు గాని, ఆ ఊహ అప్పటికే మన దేశమునకు చేరియున్నది.

1897లో ఆయన ఎమిలీ లిట్టన్‌ను వివాహమాడినారు. ఆమె తండ్రి 1876 నుండి 1880 వరకు భారతదేశ వైస్రాయి. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొన్న మహాక్షామము ఆయన పాలనలోనిదే. ఎమిలీ దివ్యజ్ఞాన సమాజములో చేరి, 1911లో ఇంగ్లండుకు వచ్చిన మదనపల్లె బాలుడు జిడ్డు కృష్ణమూర్తిని కన్నతల్లివలె ఆదరించినారు. కుమార్తె మేరీ తరువాతి కాలములో కృష్ణమూర్తి జీవితచరిత్ర వ్రాసినారు. భారతదేశపు కట్టడములను తేలికగా చూచిన ఆ వాస్తుశిల్పి ఇంట, భార్య మనసు ఒక తెలుగు బిడ్డ చుట్టూ తిరిగినది!

1911 డిసెంబరు 12న రాజధాని ఢిల్లీకి మారునని ప్రకటన వెలువడినది. మరుసటి ఏడు ల్యుటెన్స్ స్థలనిర్ణయ సంఘ సభ్యుడై వచ్చినారు. గ్రీకు, రోమను పద్ధతులే ఆయనకు ప్రమాణము. మన గుళ్ళను, మసీదులను చూచి కూడ నిరసించినారు. అయితే భారతీయత కనబడవలెనని వైస్రాయి హార్డింజ్ పట్టుబట్టినారు. ఇష్టము లేకనే అంగీకరించినను, అంగీకరించిన పిదప అలంకారములను పైపైన అతికించుటకు మాత్రము ఆయన ఒప్పుకొనలేదు. రైసీనా గుట్టపై వైస్రాయి సౌధమునకు సాంచీ స్తూపమును తలపించు గుమ్మటము, చుట్టూ సాంచీ వేదిక వంటి కటకటాలు, స్తంభాగ్రములందు రాతి గంటలు అమర్చినారు. చార్లెస్ సార్జెంట్ జాగర్ అను శిల్పి ఏనుగులను, జలయంత్రములకు నాగుబాములను రూపొందించినారు. బరువు మోయు ఏనుగు గోడల చెంత నిలిచినది. మన గాథలలో నీటిని కాచు నాగు నీటిచెంత పడగ విప్పినది. పిల్లల గదికి కోడిపెట్టలు, గుడ్లతో కూడిన దీపమును సైతము ఆయన కల్పించినారు. బడికి పోని బాలుడు ఆ పెద్దమనిషిలో ఇంకను బ్రతికియున్నాడని చెప్పుటకు ఆ దీపము చాలును.

సచివాలయములను కట్టిన హెర్బర్ట్ బేకర్‌తో, రాజమార్గపు వాలు సౌధమును కొంతమేర కప్పివేయుచున్నదని ఆయనకు తీవ్రమైన తగాదా వచ్చినది. ఆ వాలు మారలేదు, మైత్రి చెడినది.

1920వ దశకములోనే ఆయన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కొరకు హైదరాబాదు హౌసును నిర్మించినారు. ఇండియా గేటు చుట్టునున్న షట్కోణములో, బాటలు ఏటవాలుగా కలియు మూలస్థలమది. అక్కడ ఆ పాత సీతాకోకచిలుక మరల వాలినది: గుమ్మటము నడుమ, రెక్కలు రెండు బాటల వెంబడి. 1928 నాటికి పూర్తియైన ఆ భవనము 1974 నుండి విదేశాంగ శాఖ అధీనములో రాజ్యాతిథుల విందులకు ఉపయోగపడుచున్నది. దాని ప్రక్కనేయున్న ఆంధ్ర భవనమునకు భోజనమునకై పోవు మనవారు ఆ రెక్కల నీడనే నడచుచుందురు.

1931లో నూతన రాజధానికి ప్రారంభోత్సవము జరిగినది. 1944 జనవరి 1న ల్యుటెన్స్ లండనులో కన్నుమూసినారు. శాశ్వతమని తలచి కట్టిన సామ్రాజ్యము మరి మూడున్నర సంవత్సరములకే తొలగిపోయినది. 1950 జనవరి 26న ఆ సౌధము రాష్ట్రపతి భవనమైనది. ఆనాడే సారనాథ సింహములు గణతంత్ర చిహ్నమైనవి. రాంపూర్వలో దొరికిన అశోకుని వృషభము భవన ముఖమండపములో చోటు చేసికొన్నది. సర్వేపల్లి రాధాకృష్ణన్, వరాహగిరి వేంకటగిరి, నీలం సంజీవరెడ్డి గారలు అక్కడ రాష్ట్రపతులుగా నివసించినారు.

ఎవరి అధికారమును చాటుటకు ఆ ఏనుగులను చెక్కించినారో వారు లేరు. ఏనుగులు మాత్రము పరాయివి కాలేదు, ఏలయన అవి మొదటినుండియు ఈ నేలవే. వాటిని మలచుటకు ఎండలో రాయి కొట్టిన వేలాది పనివారు ఈ దేశమువారే. ల్యుటెన్స్ ప్రతిభను మెచ్చుకొనుటకు ఆయన తిరస్కారమును మరువనక్కరలేదు. ఆ తిరస్కారమును తలచి ప్రతిభను త్రోసిపుచ్చనూ అక్కరలేదు. సెలవు దినమున పిల్లలను వెంటబెట్టుకొని పోయి ఆ ఏనుగులను చూపించుదము. వాటి కథతోపాటు లేపాక్షి బసవన్న కథను కూడ చెప్పుదము.