అడవి దీవిలో ఒక దాంపత్యము

పెండ్లి ముగియగానే నూతన దంపతులు ఇల్లు విడిచి కొన్ని దినములు దూరదేశమున గడపుట పాశ్చాత్యులలో చాలకాలముగా నున్న ఆచారము. కలవారైనచో వెచ్చని సముద్రముల నడుమ నుండు దీవులను ఎన్నుకొందురు. కొబ్బరితోపులు, ఇసుకతిన్నెలు, ఎవరును పలుకరింపని ఏకాంతము వారు కోరెడి భాగ్యములు. మనలో కొత్తజంటను భద్రాద్రికి పంపి, సీతారాముల దర్శనము చేయించి తీసికొనివచ్చు పెద్దలు నేటికిని గలరు. ఆ భద్రాద్రికి దిగువను, పాపికొండల నడుమ గోదావరి ఇరుకై పారు తావున, 1941లో ఒక ఐరోపా జంట సంసారము సాగెను. అక్కడ సముద్రము లేదు. అయినను ఒకవైపు అడవియు, ఒకవైపు ఏరును, వానికి ఆవల లోకమునంతటిని క్రమ్మిన యుద్ధమును నుండుటచేత, ఆ చోటు వారికొక దీవియే అయ్యెను. ఆ భర్త పేరు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆ భార్య పేరు బెట్టి ఎలిజబెత్.

హైమన్‌డార్ఫ్ 1909 జూన్ 22వ తేదీన వియన్నా నగరమున జన్మించెను. పుట్టినది ఆస్ట్రియా దేశపు పాత ప్రభువంశము. ఆ నగరపు విశ్వవిద్యాలయముననే మానవశాస్త్రము చదివి 1931లో డాక్టరు పట్టము పొందెను. అస్సాము, ఉత్తరబర్మా కొండజాతుల సంఘజీవనమే ఆయన పరిశోధన విషయము. అప్పటికి ఆ జాతులను ఆయన పుస్తకములలోనే చూచియుండెను. తరువాత లండనులో మాలినోవ్‌స్కీ పండితుని వద్ద శిక్షణ పొంది, 1936లో నాగకొండలకు వెళ్లి, కోన్యాకు నాగాల నడుమ ఏడాదికి పైగా నివసించెను. ఒక జాతిని తెలిసికొనవలెనన్నచో వారి వాకిట కూర్చుండవలెను, వారి భాష నేర్వవలెను, వారితో కూడి తినవలెను అను నిశ్చయము ఆ కొండలమీదనే ఆయనలో నాటుకొనెను.

మరలిపోయిన పిమ్మట 1938లో ఆయన బెట్టి బర్నార్డో అను ఆంగ్ల యువతిని వివాహమాడెను. ఆ వివాహమునకు ఆమె చెల్లించిన మూల్యమును ఇచట చెప్పవలసియున్నది. విదేశీయుని పెండ్లాడి అతని పౌరసత్వమును పొందిన స్త్రీ, పుట్టుకతో వచ్చిన బ్రిటిష్ పౌరసత్వమును కోల్పోవునని ఆనాటి చట్టము. ఆ సంవత్సరముననే హిట్లరు ఆస్ట్రియాను జర్మనీలో కలిపివేసెను. దానితో ఆస్ట్రియా వారెల్లరు లెక్కకు జర్మనీ ప్రజలైరి. పెండ్లిపీటలపై కూర్చున్ననాడు ఒక ఇంగ్లీషు పడుచునకు, తాను తన దేశమునకే పరాయిదానను కాబోవుచున్నానని తోచునా?

1939లో దంపతులు భారతదేశమునకు వచ్చిరి. సెప్టెంబరులో యుద్ధము రేగెను. జర్మనీ పాస్‌పోర్టుగల హైమన్‌డార్ఫ్ ఒక్కనాటిలో శత్రుదేశీయుడయ్యెను. నాగకొండల దారి మూతపడెను. స్వదేశమునకు దారి లేదు. ఉన్నను పోదగిన స్వదేశము లేదు. అట్టివారిని ఎందరినో సర్కారువారు నిర్బంధ శిబిరములకు పంపుచుండిరి. ఈ దంపతుల విషయమున మాత్రము కొంత దయ చూపబడెను. నిజాము రాజ్యపు ఎల్లలలో నుండి పరిశోధన సాగించుకొనుటకు ఆయనకు అనుమతి లభించెను. ఇతరులకు శిక్షగా తోచునది ఆయనకు వృత్తిగా మారెను.

1940లో వారు అమరాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ గడపిరి. మరుసటి యేట గోదావరి లోయకు వచ్చిరి. నేడు మనము ఖమ్మము, భద్రాచలము అని ఒక్క ఊపిరిలో అనుచున్నాము గాని, ఆనాడు అవి రెండు రాజ్యములు. ఏటికి ఈవల పాల్వంచ తాలూకా నిజాముది, వరంగల్లు జిల్లాలోనిది. ఖమ్మము జిల్లా 1953లో గాని ఏర్పడలేదు. ఆవల భద్రాచలము మద్రాసు రాజధానిలోని తూర్పుగోదావరి ఏజెన్సీలోనిది. అది 1959లో ఖమ్మము జిల్లాలో చేరెను. ఒకే జాతివారు, ఒకే భాష పలుకువారు, ఏటికి ఇరుదరుల ఇద్దరు ప్రభువుల ఏలుబడిలో నుండిరి. వారే కొండరెడ్లు. వారి మాట తెనుగే. నాగాల భాష కొరకు శ్రమపడిన ఆయన, ఇచట మన భాష వినబడు కొండయూళ్లలో మకాము చేసెను. కోయిద, కాకిస్‌నూరు, పేరంటపల్లి మున్నగు పల్లెలు ఆయన గ్రంథమునకు ఎక్కెను.

ఆ పల్లెలను దూరమునుండి చూచినవాడు స్వర్గమనుకొనును. తడికల గోడలు, గడ్డికప్పులు, వాకిట మామిడి, చింత, ఎదుట నీలపు నీరు. దగ్గర నివసించినవానికి వేరు దృశ్యము కనబడును. రెడ్లు కొండవాలున చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో జొన్నలు, సామలు చల్లెడివారు. దానినే పోడు అందురు. పంట చేతికి రాకముందే గాదె అడుగంటెడిది. అప్పుడు జీలుగుమాను నరికి దాని దవ్వ దంచి పిండిచేసి అంబలి కాచుకొనెడివారు. మామిడిటెంకల లోని జీడిని నానబెట్టి, చేదు విరిచి తినెడివారు. జీలుగుకల్లు వారికి పానముమాత్రమే కాదు, కొన్ని మాసములలో ఆహారము కూడ. మామిడికొత్త చేయనిదే క్రొత్తకాయ నోట పెట్టరు. భూదేవికి మ్రొక్కనిదే విత్తనము చల్లరు.

పెండ్లిండ్ల విషయమున వారి పద్ధతులు ఆ క్రొత్త కాపురమువారికి ఆసక్తి కలిగించియుండును. మేనరికము వారిలో మేలైన సంబంధము. ఓలి ఇచ్చుకొనలేనివాడు మామగారి ఇంట కొన్నేండ్లు కష్టపడి పిల్లను చేసికొనవచ్చును. పెద్దలు ఒప్పుకొననిచో పడుచువారిరువురు అడవికి లేచిపోవుటయు, మరలివచ్చిన పిమ్మట కుల పెద్దలు కూర్చుండి తప్పు కట్టించి, దంపతులుగా ఒప్పుకొనుటయు గలదు. ఇట్టి విషయములు పరపురుషునికి ఆడువారు చెప్పునవి కావు. ఇచటనే బెట్టి పాత్ర గలదు. ఆమె మకాము కాచుకొనుటకు వచ్చిన ఇల్లాలు కాదు. తానును మానవశాస్త్ర పరిశోధకురాలై, అడవిలో భర్త వెంట నడచి, విషయసేకరణలో ఆయనకు తోడ్పడెను. గ్రంథములపై ఎక్కువగా కనబడునది ఆయన పేరే. ఆ శ్రమ మాత్రము ఇరువురిది.

ఆ నివాసము విహారముగా మిగులలేదు. కొండలలోని వెదురును మైదానపు గుత్తదారులు రెడ్లచేత నరికించి, తెప్పలు కట్టించి, గోదావరిమీద రాజమహేంద్రవరమునకు దింపించుచుండిరి. కూలికి మారుగా ధాన్యమో, బట్టయో ముందుగా ఇచ్చి పద్దు వ్రాసికొనెడివారు. చదువురాని రెడ్డికి ఆ పద్దు ఎన్నడును తీరునది కాదు. ఒకవంక అడవిని రిజర్వు చేసి పోడు మానుమని సర్కారు. మరొకవంక అప్పు తీరువరకు వెదురు కొట్టుమని గుత్తదారు. అతిథిగా వచ్చిన పండితుడు దీనిని చూచి ఊరకుండలేకపోయెను. 1945లో వెలువడిన ఆయన రెడ్ల గ్రంథమున పాటలు, పండుగలతో పాటు ఈ పద్దుల కథయు గలదు. లోకజ్ఞానము కొరకు వ్రాయువాడు క్రమముగా న్యాయము కొరకు వ్రాయువాడయ్యెను.

ఆ మార్పునకు ఫలము ఆదిలాబాదులో కనబడెను. 1940లో జోడెఘాటువద్ద కొమురం భీము హతుడైన తరువాత, గోండుల అశాంతికి కారణమేమో తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము ఈ శత్రుదేశీయునే పంపెను. దంపతులు మార్లవాయి గ్రామమున గోండుల ఇండ్లవంటి ఇంటనే నివసించిరి. భూమి పోవుటయే అశాంతికి మూలమని ఆయన తేల్చెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణశాల వెలసెను. గోండీ భాషలో వాచకములు తయారయ్యెను. వేల ఎకరములకు గిరిజనుల పేర పట్టాలు పుట్టెను. ఆయన నిజాము ప్రభుత్వమునకు గిరిజన సలహాదారుగను, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగను ఉండెను.

1944, 45లలో దంపతులు ఈశాన్యపు కొండలలో ఆపాతానీల చెంతకు వెళ్లిరి. 1953 నుండి నేపాళమున షెర్పాల నడుమ తిరిగిరి. 1951లో లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా విద్యల పాఠశాలలో ఆయన ఆసియా మానవశాస్త్రాచార్యుడై, 1976లో విరమించెను. విరామము పొందినవారు తోటలు పెంచుకొందురు. వీరు మరల మన అడవులకే వచ్చిరి. వచ్చి చూచినది సంతోషింపదగినది కాదు. తమ కాలమున పట్టాలు పొందిన భూములు ఎన్నో వలసవచ్చినవారి చేతులలో నుండెను. 1982లో వెలువడిన గ్రంథమున ఆ సంగతిని ఆయన మొగమోటము లేక వ్రాసెను. తన జీవితకృషి కరగిపోవుట తానే లెక్కించి లోకమునకు చెప్పుటకు ఎంతటి నిబ్బరము కావలెను!

1987 జనవరి 11న బెట్టి హైదరాబాదులో కన్నుమూసెను. ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసిరి. పెండ్లితో ఒక దేశపు పౌరసత్వమును పోగొట్టుకొన్న స్త్రీకి, చివరకు ఒక గోండుగూడెము తన నేలలో చోటిచ్చెను. 1995 జూన్ 11న ఆయన లండనులో మరణించెను. కాలక్రమమున ఆయన అస్థికలను తెచ్చి ఆమె ప్రక్కనే ఉంచిరి. ఏటేట జనవరి 11న గోండులు అచట చేరి, తమ ఆచారము చొప్పున ఇరువురికిని నివాళు లర్పించుచున్నారు.

ఇక ఆ గోదావరి పల్లెల మాట. కోయిద, కాకిస్‌నూరు, పేరంటపల్లి 2014లో ఖమ్మము జిల్లానుండి వేరుచేయబడి ఆంధ్రప్రదేశమున చేరినవి. కారణము పోలవరపు ఆనకట్ట. అవి ముంపు గ్రామములు. నేడు ఆ చోటు పడవపై పాపికొండలు చూడబోవు కొత్తజంటల కనులకు చల్లని విహారభూమి. ఒడ్డున దిగి, ఒక పూట గడపి మరలుదురు. అట్లు మరలుటలో దోషము లేదు. కాని ఆ ఒడ్డుననే పూర్వమొక జంట, దిక్కులేక వచ్చియు, ఇంటివారి కష్టము అడిగి తెలిసికొని వ్రాసిపెట్టినది. ఏరు ఆ పల్లెలను ముంచినను, అచటి బ్రతుకులకు ఆ వ్రాత సాక్ష్యముగా నిలుచును. ఆ సాక్ష్యము మన భాష మాటలాడు మనవారిదే గనుక, దానిని చదువవలసిన బాధ్యతయు మొదట మనదే.